మూతితో దారి చూపే ఊళ్లో కామెడీ వీడియో

ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదివిన తెలుగు పిల్లలు ఇప్పుడు మన వైపు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. మిందనావ్ దీవిలోని దవావ్ నగరం మనవాళ్లకు బాగా అలవాటైన చోటు. కాలేజీ దగ్గర వీధుల్లో తెలుగు వినిపిస్తుంది, మెస్సుల్లో పప్పూ సాంబారూ దొరుకుతాయి. నేనూ అక్కడే చదివాను. అయితే ఇది చదువు గురించి కాదు. ఆ దేశంలో జనం ఫోన్లో చూసి పడీ పడీ నవ్వే వ్లాగుల గురించి, అలాంటివి తీసే ఒక ఇంట్లో అద్దెకుంటూ రాయడం, నటించడం, ఎడిటింగ్ పక్కన కూర్చోవడం ఎలా నేర్చుకున్నానో దాని గురించి.

ముందు ఒక మాట చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా. సినిమాలో మా యాస వినిపించిందంటే చాలాసార్లు ఆ మాట్లాడేది పనిమనిషో, వాచ్‌మనో, అమాయకపు చుట్టమో అయి ఉంటారు. హాలంతా నవ్వుతుంటే మా అమ్మ కూడా నవ్వేది, నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకునేది. దవావ్‌లో నాకు ఆ ఇల్లు అంతగా దగ్గర కావడానికి అసలు కారణం ఇదే.

కరోనా తర్వాత 2022లో తిరిగి వెళ్లినప్పుడు హాస్టల్ వదిలేసి, మతీనా వైపు ఒక ఫిలిపినో కుటుంబం ఇంట్లో గది తీసుకున్నాను. ఇంటావిడను తీత అనేదాన్ని, మనం పిన్నీ అన్నట్టు. ఆవిడ కొడుకు నాకు కూయ, అంటే అన్నయ్య. తీత వాళ్ల అమ్మ లోల, అందరికీ అమ్మమ్మ. వాళ్లు నన్ను ‘దాయ్’ అనేవారు. ఆడపిల్లను ముద్దుగా ‘ఇందాయ్’ అంటారు కదా, దానికి పొట్టి పిలుపు. వాళ్ల పేర్లు బయటపెట్టడం ఇష్టం లేదన్నారు కాబట్టి ఈ పిలుపులతోనే చెబుతాను.

కూయకు రాత్రంతా కాల్ సెంటర్లో డ్యూటీ. మధ్యాహ్నం లేచి, అన్నం తిని, తన ఫేస్‌బుక్ పేజీకి కామెడీ వీడియోలు తీసేవాడు. అక్కడ చాలామంది ఫోన్లు ప్రీపెయిడ్ లోడ్ మీదే నడుస్తాయి. వీధి చివర సారి-సారి స్టోర్లో, అంటే మన కిరాణా కొట్టు లాంటి దాంట్లో, కొన్ని పెసోలిచ్చి కొనే ప్యాకుల్లో ఫేస్‌బుక్‌కు విడిగా డేటా ఇచ్చేవి ఉంటాయి, అందుకే అక్కడ ఏ నవ్వుల వీడియో అయినా ముందు తిరిగేది ఫేస్‌బుక్‌లోనే. మన దగ్గర 2020 జూన్‌లో ఆపేసిన టిక్‌టాక్ కూడా అక్కడ నిక్షేపంగా నడుస్తోంది.

నేనూ చేస్తానని అడిగితే, ముందు చూడు, తర్వాత చేద్దువుగాని అన్నాడు. పాఠం చెప్పినట్టే వరుసగా చూపించాడు. మొదట క్రిస్టీన్ గాంబితో. అమెరికాలో స్థిరపడ్డ ఫిలిపినో కుటుంబంలో పుట్టిన నర్సు. 2006లో, యూట్యూబ్ ఇంకా పసిగుడ్డుగా ఉన్నప్పుడే, ‘హ్యాపీస్లిప్’ అనే పేరుతో అమ్మ, పిన్ని, నాన్న అందరి వేషాలూ తనొక్కతే వేసి వీడియోలు పెట్టింది. తర్వాత మోయ్‌మోయ్ పలబోయ్ అన్నదమ్ములు. 2007లో గదిలో కెమెరా పెట్టుకుని పాటలకు పెదవులు కదుపుతూ కోతి చేష్టలు చేసి, ఏకంగా జీఎంఏ టీవీ దాకా వెళ్లారు. ఆ టీవీలో ‘బబుల్ గ్యాంగ్’ అనే స్కిట్ల షో 1995 నుంచి వస్తోంది, దానికి పెద్దదిక్కైన మైకేల్ వీ కూడా ఈమధ్య సొంతంగా వ్లాగులు తీస్తున్నాడు. కెనడాలో పెరిగి, ఫిలిపినో అలవాట్లను బయటివాళ్లకు ట్యూషన్ చెబుతున్నట్టు నటించిన మైకీ బుస్తోస్‌ను చూశాను. ఇరవై ఆరేళ్లకే 2020లో చనిపోయిన లాయిడ్ కదేనా వీడియోలు చూపిస్తున్నప్పుడు మాత్రం కూయ ఏమీ మాట్లాడలేదు. దవావ్ వాడే అయిన బోగార్ట్ ది ఎక్స్‌ప్లోరర్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ హుషారెక్కాడు. ఆస్ట్రేలియా వాళ్ల యాసలో అడవి జంతువుల డాక్యుమెంటరీ చేస్తున్నంత సీరియస్‌గా మాట్లాడతాడు, తీరా చూస్తే వెతికేది మన చుట్టూ ఉండే జీవాల కోసమే.

వీళ్లందరిలోకీ మేన్ మెండోసా కథ నాకు నమ్మబుద్ధి కాలేదు. డబ్‌స్మాష్‌లో (పాటలకు, డైలాగులకు పెదవులు కదిపే యాప్ అది) మూతి తిప్పుతూ తీసుకున్న వీడియోలే ఆమెను 2015లో ‘ఈట్ బులాగా’కు తీసుకెళ్లాయి. 1979 నుంచి రోజూ మధ్యాహ్నం వచ్చే షో అది. అక్కడ నటుడు ఆల్డెన్ రిచర్డ్స్‌తో ఆమె జంట దేశాన్ని ఊపేసింది. అక్టోబర్ 24న ఫిలిప్పీన్ అరీనాలో పెట్టిన సభ రోజు వాళ్ల మీద 4 కోట్ల 10 లక్షల ట్వీట్లు పడ్డాయి. ఆ రోజు మధ్యాహ్నం వీధంతా ఒకే టీవీ శబ్దం వినిపించిందని తీత ఇప్పటికీ చెబుతుంది.

ఇన్ని చూశాక నాకు ఒకటి అర్థమైంది. వీటికి సెట్టు అక్కర్లేదు, కథ అక్కర్లేదు. ఇల్లే సెట్టు. గోడ మీద యేసు చివరి విందు పటం, పెద్ద చెక్క చెంచా, ఫోర్కు. తెరిస్తే ఎండుచేపలుండే ఐస్‌క్రీమ్ డబ్బా. చెప్పు చేతిలో పట్టుకున్న అమ్మ. మగపిల్లాడు నెత్తిన తువ్వాలు వేసుకుంటే అది జుట్టు, అమ్మ నైటీ తొడుక్కుంటే అమ్మ. మ్యాకోయ్ డబ్స్ అనే అతను వేసే ‘ఆంటీ జూలీ’ వేషం కరోనా రోజుల్లో అందరి ఫోన్లలోనూ తిరిగింది, ఎందుకంటే అలాంటి ఆంటీ ప్రతి ఇంటికీ ఒకరున్నారు. నన్ను కట్టిపడేసింది ఏమిటంటే, ఇలాంటి వీడియోల్లో ఆ వేషం వేసేవాళ్లకు ఆ మనిషంటే ప్రాణం. అమ్మను అనుకరించే కొడుకు కంట్లో అది తెలిసిపోతుంది. మనీలా పక్కనే ఉన్న కేసోన్ సిటీ కామెడీ బార్లలో ఇంకో రకం నవ్వు ఉంది. మైకు పట్టుకున్నవాళ్లు ఎదురుగా కూర్చున్న వాళ్ల ముక్కూ మొహం మీద జోకులేస్తారు. వైస్ గాండా లాంటి పెద్ద తారలు అక్కడి నుంచే వచ్చారు. ఆ వేగం, ఆ మాట పదును గొప్పవే, ఒప్పుకుంటాను. కానీ నాకు ఆ నవ్వు ఎక్కలేదు.

నాకు మొదట వచ్చిన వేషం కూడా అలాంటిదే. కూయ స్నేహితుడొకడు, వాడికీ ఒక పేజీ ఉంది, నన్ను చూడగానే బుంబాయ్ వేషం వేస్తావా అన్నాడు. ఫిలిప్పీన్స్‌లో భారతీయులందరినీ బొంబాయి పేరు మీద అలాగే పిలుస్తారు. అక్కడి జనానికి తెలిసిన బుంబాయ్ ఎక్కువగా పంజాబీ వడ్డీ వ్యాపారి. మోటార్ సైకిల్ మీద ఇంటింటికీ తిరుగుతాడు. ఐదు ఇస్తే ఆరు కట్టాలి, అంటే ఇరవై శాతం వడ్డీ, అందుకే ఆ అప్పుల పేరే ఫైవ్-సిక్స్. గొడుగులు, దోమతెరలు, ఫ్యాన్లు కూడా వాయిదాల మీద అమ్ముతారు. అన్నం తినని పిల్లల్ని బుంబాయ్ పట్టుకుపోతాడని భయపెడతారు. నన్ను తల ఊపుతూ, వంకర ఇంగ్లిష్ మాట్లాడుతూ, డబ్బుల కోసం తలుపులు బాదమన్నాడు. చెయ్యనన్నాను. అతను నొచ్చుకోలేదు గానీ, అది సరదాకే కదా దాయ్ అన్నాడు. ఆ సరదా మా ఊరి సినిమా హాల్లో ఎన్నోసార్లు చూశానని కూయకు తర్వాత చెప్పాను. మా యాస సంగతి, వాచ్‌మన్ వేషాల సంగతి అన్నీ చెప్పాను.

కూయ చాలాసేపు విన్నాడు. తర్వాత వాళ్ల సంగతి చెప్పాడు. దవావ్ నుంచి మనీలా దాదాపు వెయ్యి కిలోమీటర్లు. టీవీ, సినిమా అన్నీ అక్కడి తగాలోగ్ భాషలో. దక్షిణాన కోట్ల మంది మాట్లాడే బిసాయా మాత్రం ఆ టీవీలో ఎక్కువగా పనిపిల్ల నోట్లోనే వినపడుతుంది. ఇంటి పిల్లను ముద్దుగా పిలిచే ఇందాయ్ మనీలాలో పనిమనిషి పేరైపోయింది. 2007లో ఇందాయ్ జోకులని ఎస్సెమ్మెస్‌లు తిరిగాయట. పనిపిల్ల గ్రాంథికమైన ఇంగ్లిష్‌లో యజమానులకు జవాబు చెప్పడం, అదే జోకు. అదే దవావ్‌లో మేయర్‌గా చేసి 2022లో ఉపాధ్యక్షురాలైన సారా దుతెర్తెను జనం ఇందాయ్ సారా అనే అంటారు. అది చెప్పేటప్పుడు కూయ గొంతులో ఉన్న పట్టుదల రాజకీయం గురించి కాదు, ఆ పిలుపు గురించి.

ఆ రాత్రే మా వీడియో పుట్టింది. నేను ఆ ఇంట్లో చేరిన కొత్తలో తీత ఏదడిగినా మూతి తిప్పి ఊరుకునేది. చీపురెక్కడుంది తీతా అంటే మూతి. ఉప్పు ఎక్కడ అంటే మూతి. మన దగ్గర మూతి తిప్పారంటే అలకైనా కావాలి, తీసిపారేయడమైనా కావాలి. నేనేం తప్పు చేశానా అని ఎంత టెన్షన్ పడ్డానో. అక్కడ చేత్తో వేలెత్తి చూపించడం కన్నా పెదవులు ముందుకు సాచి చూపించడమే మామూలని తర్వాత తెలిసింది. వాళ్లకేమో నా తల ఊపుడు అర్థం కాదు. తిన్నావా అంటే మనం తల అటూ ఇటూ ఊపుతాం, వాళ్లకు అది వద్దన్నట్టు ఉంటుంది. వాళ్లయితే అవునని చెప్పడానికి కనుబొమలు ఎగరేస్తారంతే. మూతి, తల, కనుబొమలు. ఒకే వంటింట్లో ఈ మూడూ తగువులాడుకుంటే? ఇందులో ఎవరినీ తక్కువ చెయ్యక్కర్లేదు. ఇద్దరూ నిజంగానే ఎదుటివాళ్లను అర్థం చేసుకోవాలని చూస్తున్నారు, అందుకే నవ్వు వస్తుంది.

రాయడం సులువైంది. అసలు గొడవ భాష దగ్గర వచ్చింది. కూయ స్నేహితుడు తగాలోగ్‌లో తీయమన్నాడు, మనీలా దాకా వెళ్తుంది, వ్యూస్ వస్తాయి అన్నాడు. కూయ కూడా కొంచెం ఊగాడు, ఎందుకంటే అతని పేజీలో తగాలోగ్ వీడియోలే ఎక్కువ నడిచేవి. తేల్చింది లోల. కుర్చీలోంచి కదలకుండానే, నా నోట్లోంచి తిట్టు తగాలోగ్‌లో వస్తే అది తిట్టులా ఉండదు, అర్జీ పెట్టుకున్నట్టు ఉంటుంది అంది. అందరం బిసాయాకే ఒప్పుకున్నాం.

షూటింగుకు ఫోనొక్కటే, బియ్యం డబ్బాకు ఆనించాం. వంటింటి తలుపులోంచి వచ్చే వెలుతురే లైటు. పక్కింట్లో పందెం కోళ్లు వరసగా కట్టేసి ఉంటాయి, అవి సరిగ్గా డైలాగు దగ్గరే కూస్తాయి. కోడి ఆగితే ఎదురింట్లో వీడియోకే (కరావోకేనే అక్కడ అలా అంటారు) మొదలు, ఎవరో ప్రేమ పాట గొంతు చించుకుని పాడుతుంటారు. అది ఆగేసరికి కరెంటు పోతుంది. వాన వస్తే రేకుల కప్పు మీద మోతకు ఏమీ వినపడదు.

వీటన్నిటికన్నా కష్టం తీతతోనే వచ్చింది. మామూలుగా ఆవిడ మూతి తిప్పితే ఈగ వాలిన చోటు కూడా తెలిసిపోతుంది. యాక్షన్ అనగానే మాత్రం ఫోటోకు నిలబడ్డట్టు బిగుసుకుపోయేది. కూయ ఒక ఉపాయం చేశాడు. ఇది రిహార్సలే అమ్మా అని చెప్పి రికార్డు నొక్కాడు. అప్పుడు వచ్చింది అసలైంది. తర్వాత దాన్ని ఫోన్లో నెమ్మదిగా పెట్టుకుని చూశాం. ముందు కళ్లు వెళ్తాయి, వస్తువు ఉన్న వైపు ఒక్క చూపు. తర్వాత గడ్డం కొద్దిగా లేస్తుంది. ఆ తర్వాతే పెదవులు గుండ్రంగా ముందుకొస్తాయి, అక్కడే ఒక్క క్షణం ఆగుతాయి. వస్తువు దూరంగా ఉంటే పెదవులు ఇంకా సాగుతాయి, పక్క గదిలో ఉంటే మెడ కూడా తిరుగుతుంది. ఆ ఒక్క క్షణం ఆగడంలోనే ఉంది నవ్వంతా. నేను ఆ క్షణంలో ఏమీ చెయ్యకుండా ఆవిడ మొహం వైపే చూస్తూ ఉండాలి. నవ్వు ఆపుకోవడానికి కాలి బొటనవేలు నేలకేసి నొక్కి పెట్టేదాన్ని. కూయ తీత నైటీయే తొడుక్కుని, నెత్తిన తువ్వాలు వేసుకుని పక్కింటి ఆవిడగా వచ్చి, ఇద్దరికీ మధ్యవర్తిత్వం చెయ్యబోయి ఇంకా చెడగొడతాడు. చివర్లో లోల, అందరూ ముందు అన్నం తినండి అని కసురుతుంది. అంతే స్కిట్టు.

ఎడిటింగ్ క్యాప్‌కట్‌లో, అదీ ఫోన్లోనే. ఫిలిపినో వీడియోల్లో ఎడిటరు కూడా ఒక పాత్రే. మొహం మీదికి ఒక్కసారిగా జూమ్, బొమ్మ ఆగిపోయి నలుపు తెలుపు అవడం, ఏడుపు సంగీతం, ఉరుము చప్పుడు. కూయ ఇవన్నీ పెట్టేవాడు. తీత మూతి దగ్గర మాత్రం ఏ చప్పుడూ వద్దని నేను పట్టుబట్టాను. అక్కడ నిశ్శబ్దంగా ఉంచి, ఆ తర్వాత నా తల ఊపుడు దగ్గర ఉరుము పెట్టాడు. రెండూ పక్కపక్కన పడేసరికి మా ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. జీప్‌నీల్లో, అంటే అక్కడి షేర్ బండ్లలో, జనం శబ్దం లేకుండా చూస్తారు కాబట్టి అడుగున అక్షరాలు తప్పనిసరి. అవీ బిసాయాలోనే వేశాం.

వీడియో పెట్టాక జనం కామెంట్లలో రాసుకున్నది చూస్తే నాకు కడుపు నిండిపోయింది. ఎక్కువ మంది బయటి దేశాల్లో పనిచేసేవాళ్లు. దుబాయ్ నుంచి, రియాద్ నుంచి, హాంకాంగ్ నుంచి. మా అమ్మ ఇలాగే చూపిస్తుంది, ఆవిడ మూతి చూసి రెండేళ్లయింది అని ఒకావిడ రాసింది. మనీలా కాల్ సెంటర్లలో ఉన్న దక్షిణాది పిల్లలు, ఆఫీసులో బిసాయా మాట్లాడితే వెక్కిరిస్తారు, మీ లోల తిట్టు రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాం అన్నారు. పనిమనుషుల యాస అని ఒకడు రాశాడు. కూయ దాన్ని తీసెయ్యలేదు. దాని కింద బిసాయాలో వందల జవాబులు పడ్డాయి, చాలావరకు తిట్లు కూడా కాదు, ఒట్టి జోకులు. కూయ పేజీలో అప్పటిదాకా తగాలోగ్‌లో తీసినవేవీ అంత దూరం వెళ్లలేదు. అప్పటి నుంచి అతను తగాలోగ్ వైపు చూడలేదు.

ఆ అలవాటు వార్డులో కూడా నాకు పనికొచ్చింది. చేతులకు సెలైన్ పెట్టిన ముసలావిడను నొప్పి ఎక్కడని అడిగితే, పెదవులు సాచి కుడి డొక్క వైపు చూపించింది. పక్కనున్న ఇండియన్ క్లాస్‌మేటు ఆవిడకు కోపమొచ్చిందనుకుని వెనక్కి జరిగింది. నేను సరిగ్గా అక్కడే చెయ్యి వేశాను. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు మాత్రం అమ్మను రిమోటు అడుగుతూ అలాగే చూపిస్తే, “ఏటే, ఆ మూతి అలాగ ఎడతన్నావు, నానేటి సేసినాను?” అంది. ఆ మాట కూయకు చెబితే, మీ అమ్మతో కూడా ఒకటి తీద్దాం అన్నాడు. ఇంకా తీయలేదు గానీ నా మనసులో ఉంది.

రెండో పెద్ద వీడియో ఆలోచన నాది. అదే ఫైవ్-సిక్స్ బుంబాయ్. వేషం నేనే వేస్తాను, కానీ రాసేది కూడా నేనే అన్నాను. తలపాగా ఉండదు, వంకర ఇంగ్లిష్ ఉండదు. హెల్మెట్, అప్పుల నోట్‌బుక్కు, బండి వెనక గొడుగుల కట్ట. కథంతా అతని వైపు నుంచే. మా వీధిలోకి వచ్చే పంజాబీ ఆయన బిసాయా ఎంత బాగా మాట్లాడతాడో నాకు తెలుసు కాబట్టి నా పాత్ర కూడా చక్కటి బిసాయా మాట్లాడుతుంది. ఆ డైలాగులు లోల దగ్గర కూర్చుని వల్లె వేశాను. వాయిదా వసూలుకు ఒక్కో ఇంటికీ వెళ్తాడు. ప్రతి ఇంట్లోనూ, అప్పు ఉన్నవాళ్లతో సహా, ముందు రా తిను అంటారు. అక్కడ ఎవరింటికెళ్లినా భోజనం వేళ ఆ మాట అనకుండా ఉండరు. ఒకచోట బలవంతంగా పాన్సిట్ నూడుల్స్ పెడతారు, ఇంకోచోట దురియన్ పండు కోసి చేతిలో పెడతారు. తిన్న ఇంట్లో డబ్బులెలా అడగాలో తెలియక నోట్‌బుక్కు మూసేస్తూ ఉంటాడు. సాయంత్రానికి పొట్ట నిండింది, జేబు ఖాళీ. ఆఖరి ఇల్లు తీతది. ఆవిడ వాయిదా సరిగ్గా లెక్కపెట్టి చేతిలో పెట్టి, నువ్వు ఇంటికెప్పుడు వెళ్తున్నావ్ అని అడుగుతుంది. ఏ దేశం ఇల్లు అని అతను అడుగుతాడు. అక్కడ నవ్వు ఆగి, వెంటనే లోల గొంతు లోపల్నుంచి: ఎవరది, తిన్నాడా?

వాడే, మొదట నాకు ఆ వేషం ఇవ్వబోయిన కూయ స్నేహితుడు, ఈ వీడియోకు కెమెరా పట్టుకున్నాడు. ఆ డైలాగు దగ్గర కెమెరా ఊగింది, మళ్లీ తీయాల్సి వచ్చింది.

పెట్టిన వారంలో మా వీధికి ఆ పంజాబీ ఆయన వచ్చాడు. సారి-సారి స్టోర్ ఆవిడ ఫోన్లో అప్పటికే చూపించేసిందట. బండి దిగి మా గేటు దగ్గరికొచ్చి, ఆ అమ్మాయి నువ్వేనా అని హిందీలో అడిగాడు. ఇంకోసారి చూపించమని కూయ ఫోన్ తీసుకుని మొత్తం చూశాడు, దురియన్ దగ్గర గట్టిగా నవ్వాడు. ఒక్కటే తప్పు పట్టాడు. మేం బండి మీద పెట్టిన గొడుగులు పూల డిజైన్‌వట, అలాంటివి వాయిదాల మీద ఎవరూ ఇవ్వరట, నల్లవే ఇస్తారట. తీత లోపల్నుంచి ప్లేటు పట్టుకొచ్చి తినమంది. డైలాగు తనకు గుర్తుందన్నట్టు ఆయన కనుబొమలు ఎగరేసి, చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు.